పాలు పలచబడే కార్తె

కోవూరు దాటినాక కాలవ పక్కన
రేకుల షెడ్డు, నాలుగు గుండ్రటి తొట్లు,
ఒక మైక్రోస్కోపు, దాని ముందు నేను.
ఒక నిమిషాన్ని కొలిచినందుకు నాకు జీతం.

ఆ నిమిషం ఎట్టాంటిదంటే,
అద్దం మీద మగచేప పాలు ఒక్క చుక్క.
నీళ్లు తగలనంతసేపూ నిద్ర.
సూదిమొనతో తడి తాకిస్తానా,
వేల తోకలు ఒక్కసారే మేలుకుంటాయి.
స్టాప్‌వాచీ నొక్కుతాను.
గుడ్డు దొరికినవాటికి సరే.
దొరకనివి
మళ్లీ నిద్రపోవు.

మృగశిరలో
చెంచురామయ్య మొదటి శీలావతిని పైకెత్తుతాడు.
మగదానికీ అదే పేరు, ఏం చేస్తాం.
చెంపపక్క రెక్కను బొటనవేలితో రుద్ది
"గరుగ్గా ఉండాది, మొగదే" అంటాడు
తన వారంనాటి గడ్డం తడుముకుంటూ.
పొట్ట నొక్కితే నాలుగు చుక్కలు,
చిక్కగా, మొండిగా.
కదలిక ఫర్వాలేదు అని రాసుకుంటాను.
ఎండకు రేకులు టిక్కుటిక్కుమంటుంటాయి,
పెన్నలో ఇసక తప్ప ఏమీ పారదు.

ఇక పునర్వసు. అబ్బ, పునర్వసు.
వేలు ఆనించీ ఆనించకముందే
మీగడ కారినట్టు కారతాయి పాలు.
ఎనామిల్ బేసిన్లో గుడ్ల మీద పోసి
చెంచురామయ్య కోడి ఈకతో కలుపుతాడు,
గుడ్డు నలక్కూడదని ఊపిరి బిగబట్టి.
అద్దం కింద చూస్తే
రొట్టెల పండగనాడు దర్గా గేటు తీసినట్టే ఉంటుంది.
నలభై ఒకటో నంబరు చేపకు
డెబ్బై రెండు సెకన్లు రాసి
కింద గీత గీశాను.
రిజిస్టరులో సంతోషానికి గడి లేదు మరి.

తగ్గడం ఎప్పుడు మొదలైందో
ఏ ఏడూ పట్టుకోలేకపోయాను.
ఆశ్లేషలో అదే నలభై ఒకటి,
కొలతగ్లాసులో నిరుటికంటే ఎక్కువే,
కానీ బియ్యం కడిగిన నీళ్లు.
అద్దం కింద కొన్ని ముందుకు పోవడం మరిచి
గానుగెద్దుల మాదిరి ఉన్నచోటే తిరుగుతున్నాయి.
ముప్పై నాలుగు. గీత గీయలేదు.

పుబ్బలో మాల్యాద్రి గారి ఫోను.
"అల్లూరోళ్లు పిల్ల అడుగుతుండారు,
ఇంకో సూదెయ్యండి, ఇంకో ట్రిప్పు దించండి."

ఈ సీమలో చెరువులు నిండేది స్వాతిలో.
రైతుకు చేపపిల్ల గుర్తొచ్చేదీ అప్పుడే.
చేప ఒంట్లో వాన మాత్రం
ఎక్కడో ఉత్తరాది నదికి వరదొచ్చినప్పుడే
పడి, వెలిసి, ఆరిపోయింది.
దాని తాతలు ఈదిన నీళ్ల పంచాంగం దానిది.
మన ఆకాశం సంగతి దానికెవరు చెప్పారు?

తడి గోనె మీద నలభై ఒకటి.
చెంచురామయ్య పొట్ట మీద చెయ్యి పెట్టాడు.
పెట్టి, అట్టనే ఉంచాడు.
"ఇంక పిండితే పాలు రావు మేయ్,
నెత్తురొస్తాది."
రెండు చేతుల్లో ఎత్తుకుని
పెద్ద చెరువులోకి జారవిడిచాడు,
నన్ను అడగలేదు.

ఫోనులో నేనే చెప్పాను.
"పంతొమ్మిది సెకన్లు సార్, పనికిరావు."
అదే అంకె రిజిస్టరులో ఎక్కించాను.
ఆ పూట అద్దం మీద చుక్కే వెయ్యలేదు.
ఐదేళ్ల లెక్కల్లో
చూడకుండా రాసింది అదొక్కటే.

స్వాతిలో వానొచ్చింది.
రేకుల మీద మాట వినపడనంత వాన.
అల్లూరు నుంచి ఒకాయన
ఆక్సిజన్ సంచులు చంకన పెట్టుకుని దిగాడు.
లేవన్నాం.
"ఇంత వానలో పిల్ల లేదా?" అని
ఖాళీ తొట్లలోకి ఒక్కోదాంట్లోకీ వంగి చూసి
తడుస్తూనే పోయాడు.
చెంచురామయ్య ఈకలు కడిగి
చూరుకింద ఆరబెడుతున్నాడు.
పెద్ద చెరువులో చినుకులే చినుకులు.
ఒక్క చేపా పైకి రాలేదు.